పొరుగు యంత్రమునకు అనువాదకుని నిర్మించుట

ఇంటిలో రేడియో ఉన్నవారందరికి ఒక సంగతి అనుభవమే. పెట్టె పలుకక ఊరకున్నప్పుడు దోషము పెట్టెలో ఉన్నదో, ఏరియల్ తీగలో ఉన్నదో, గోడలోని విద్యుత్తులో ఉన్నదో వెంటనే తెలియదు. మౌనము ఒక్కటే, కారణములు అనేకములు. కంప్యూటరుతో పనిచేయువారికి కలుగు చిక్కు దీనికి విరుద్ధమైనది. అక్కడ యంత్రము మౌనము వహింపదు. వేలకొలది పంక్తులు మాటలాడును. మాటలాడి మాటలాడి, చివరకొక నిష్ఠురమైన వాక్యము చెప్పి నిలిచిపోవును. ఆ చివరి వాక్యమునే నమ్మి మనము మోసపోవుదుము. అట్లు మోసపోయి, కొన్ని రాత్రులు నష్టపోయి, తుదకు మేము నేర్చుకొన్న పాఠమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

కంపైలరు అనగా నేమి?

కంప్యూటరు హృదయమైన ప్రాసెసరునకు తెలిసినవి అంకెల రూపమున ఉండు ఆజ్ఞలు మాత్రమే. మనుష్యులు వ్రాయు ప్రోగ్రామును ఆ అంకెల భాషలోనికి మార్చు అనువాదకునకే కంపైలరని పేరు. 1952లో అమెరికాలో గ్రేస్ హాపర్ అను విదుషీమణి ఏ-0 అను ప్రోగ్రామును సిద్ధపరచి ఈ దారిలో తొలి అడుగు వేసెను. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనను తీసికొని వాడుకొనుటకును, మార్చుకొనుటకును వీలుగా జీసీసీ అను కంపైలరును లోకమునకు ఇచ్చెను. నేటికిని అది ప్రపంచమంతట వాడుకలో ఉన్నది.

ప్రాసెసరులన్నిటి భాష ఒక్కటి కాదు. బల్లమీది కంప్యూటరు భాష ఒకటి, జేబులోని ఫోను భాష వేరొకటి. ఒకదానికొరకు మార్చిన ప్రోగ్రాము రెండవదానికి అర్థము లేని అంకెల గుంపు. మరియు బట్టలుతుకు యంత్రములోను, నేటి రేడియో పెట్టెలోను ఉండు చిన్న ప్రాసెసరునకు అనువాదకుని తన యింట నిలుపుకొనునంతటి చోటు ఉండదు. కావున పెద్ద యంత్రము మీద కూర్చుండి చిన్న యంత్రపు భాషలోనికి మార్చవలెను. ఇట్లు ఒక యింట ఉండి పొరుగింటి భాష వ్రాయు అనువాదకుడే క్రాస్ కంపైలరు. మనము పనిచేయు పెద్ద యంత్రమును ఇంటి యంత్రమనియు, ఎవరికొరకు పనిచేయుచున్నామో ఆ చిన్నదానిని పొరుగు యంత్రమనియు పిలుచుకొందము.

హైదరాబాదు వారికి అనువాదము కొత్త సంగతి కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూలో చదువు చెప్పవలెనను తలంపుతో 1917లో దారుల్ తర్జుమా అను అనువాద సంస్థను ఇక్కడ నెలకొల్పిరి. రసాయన శాస్త్రమును, గణితమును, న్యాయశాస్త్రమును ఉర్దూలోనికి తెచ్చుటకు ముందు పారిభాషిక పదములను నిర్ణయించుటకై పండితుల సంఘములు కూర్చుండవలసివచ్చెను. పదములు కుదిరిన పిమ్మటనే గ్రంథములు. ఈ క్రమమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మన కథకు ఇదియే కీలకము.

పాతబస్తీకి దక్షిణమున ఆనుకొని ఉన్న కాంచన్‌బాగ్‌లో 1988లో రక్షణ పరిశోధన శాఖవారు అనురాగ్ అను ప్రయోగశాలను నెలకొల్పిరి. అక్కడ అనుపమ అను 32 బిట్ల ప్రాసెసరును రూపొందించిరి. కొత్త ప్రాసెసరు పుట్టిననాడు దాని భాష తెలిసిన అనువాదకుడు లోకములో ఒక్కడును ఉండడు. శిశువుతో పాటు ఉపాధ్యాయుని కూడ సృష్టింపవలెను. అందుచేత అనుపమకు సీ భాషా కంపైలరును, అసెంబ్లరును, లింకరును కూడ సమకూర్చవలసివచ్చెను. ఈ పనిముట్ల సముదాయమునకే టూల్‌చెయిన్ అని పేరు.

మాకు కలిగిన అవసరము

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదులో కురిసిన కుండపోతకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట పరిసరములలోని కాలనీలు నీట మునిగెను. ఆ నెలలోనే గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మీదికి నీరు వచ్చెను. 1908 మూసీ వరదల కథ పెద్దలవలన వినిన మాకు, ఈ వరద కన్నులార చూచినదయ్యెను. నీరు వచ్చుటకంటె, రాత్రివేళ చెప్పకుండ వచ్చుట ఎక్కువ హాని చేసినది. మా గల్లీ వెనుకనున్న నాలాలో నీరు పెరుగుచున్నప్పుడు ముందుగా తెలుపగల చిన్న సాధనమును నిర్మింపవలెనని మేము నలుగురము తలచితిమి.

సాధనము సులభమైనదే. నీటిమీదికి ధ్వని తరంగమును పంపి, అది తిరిగివచ్చు కాలమును కొలిచి, నీటిమట్టమును లెక్కించి, హద్దు దాటినచో ఇండ్లలోని ఫోనులకు వార్త పంపవలెను. దానికి కావలసిన ఆర్మ్ ప్రాసెసరు గల ఒక పాత బోర్డు మాకు తక్కువ ధరకు దొరకినది. అందు లినక్స్ ఉన్నది గాని, మిక్కిలి పాతది. అంగడిలో సిద్ధముగా దొరకు క్రాస్ కంపైలరుతో ప్రోగ్రామును మార్చి ఎక్కింపగా, గ్లిబ్‌సీ 2.34 కావలెనని అది మొండికెత్తెను. గ్లిబ్‌సీ అనగా ప్రతి ప్రోగ్రామును ఆశ్రయించు మూల లైబ్రరీ. బోర్డులో ఉన్నది 2.17. లైబ్రరీని ప్రోగ్రాములోనే ఇమిడ్చి పంపితిమి. అప్పుడు కెర్నెల్ చాల పాతదని చెప్పి ఆగిపోయెను. ఏలననగా నేటి గ్లిబ్‌సీ 3.2 కంటె పాత లినక్స్ కెర్నెల్‌ను గుర్తింపదు. ఇక మిగిలిన మార్గము, ఆ బోర్డు కాలమునకు తగిన టూల్‌చెయిన్‌ను మేమే నిర్మించుకొనుట.

ఐదు మెట్లు

పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు అను సామెత ఈ పనికి సరిపోవును. సంపూర్ణమైన కంపైలరు తయారగుటకు లైబ్రరీ కావలెను. లైబ్రరీని తయారుచేయుటకు కంపైలరు కావలెను. ఈ ముడిని విప్పుటకు పెద్దలు ఐదు మెట్లు ఏర్పరచిరి. మొదట అసెంబ్లరు, లింకరు గల బినుటిల్స్. రెండవది, కెర్నెల్‌తో మాటలాడుటకు కావలసిన హెడరులు. ఇవి దారుల్ తర్జుమా వారి పారిభాషిక పదముల వంటివి. మూడవది, లైబ్రరీ ఊసెత్తని అరకొర కంపైలరు. నాలుగవది, ఆ అరకొర కంపైలరుతో నిర్మించిన లైబ్రరీ. ఐదవది, ఆ లైబ్రరీ అండతో సంపూర్ణమైన కంపైలరు. మా ప్రోగ్రాము సీ భాషలోనిది గనుక మేము సీ వరకే పరిమితమైతిమి.

మెట్టు దాటి ఎక్కువారికి వెంటనే శిక్ష పడును. మూడవ మెట్టునందే సంపూర్ణ కంపైలరును కోరినచో, ప్రోగ్రాము ఆరంభమునకు కావలసిన ముక్కలు లేవనియు, మూల లైబ్రరీ దొరకలేదనియు లింకరు ఫిర్యాదు చేయును. ఇంకను పుట్టని దానిని వెదకుచున్నదని గ్రహించిన చాలును. ఆ మెట్టునకు తగినంత మాత్రమే నిర్మింపుమని చెప్పవలెను.

తొలినాటి చిక్కు కూడ చిన్నదే. జీసీసీని నిర్మించుటకు జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అను మూడు గణిత లైబ్రరీలు ఇంటి యంత్రములో ఉండవలెను. మా యంత్రములో ఉన్నవి; ఐనను లేవని చెప్పెను. ఉన్నవి నడుచు లైబ్రరీలు మాత్రమే. వాటిని ఆధారముగా చేసికొని వేరొకటి నిర్మించుటకు వలసిన హెడరులు లేవు. ఆ మూడింటిని మేమే వేరొక సంచిలో నిర్మించుకొంటిమి. పని జరిగినదని సంతసించితిమి. ఈ సంతసమే తరువాత మాకు రెండు రాత్రుల నిద్ర లేకుండ చేసినది.

ఇంటి పనిముట్టు, పొరుగు పని

మూడవ మెట్టులో అసెంబ్లరు, తనకు ఇచ్చిన సూచన తనకు తెలియదని చెప్పి ఆగెను. మేము ఆ సూచనను తొలగించి చూచితిమి. మరియొకటి తెలియదనెను. దానిని కూడ తొలగించితిమి. ఇట్లు ఒక సాయంకాలము గడచెను.

నిజమేమనగా, తెలియదనుచున్నది మేము నిర్మించిన ఆర్మ్ అసెంబ్లరే కాదు. అది ఇంటి యంత్రపు సొంత అసెంబ్లరు. మొదటి మెట్టున బినుటిల్స్‌ను ఒక చోట అమర్చితిమి. మూడవ మెట్టున జీసీసీకి వేరొక చోటు చెప్పితిమి. పనిముట్లను ఎక్కడ వెదకవలెనో తెలుపు పాత్ అను పట్టికలో కొత్త చోటును చేర్చ మరచితిమి. కంపైలరు తన అసెంబ్లరు కొరకు వెదకి, కానక, పేరు కలిసినది కదా అని ఇంటివాడిని పిలిచెను. ఛత్తా బజారు ప్రెస్సులో పెండ్లి పత్రికకు ఉర్దూ కాతిబును పిలువబోయి తెలుగు కూర్పరిని పిలిచినట్లైనది. అతడు పనిమంతుడే, ఆ లిపి అతనిది కాదు. రెండింటికిని ఒకే చోటు చెప్పి, పాత్‌లో దానిని ముందుంచగానే ఆ ఫిర్యాదులన్నియు ఒక్కసారిగా మాయమయ్యెను. మేము తొలగించిన సూచనలను మరల యథాస్థానమున ఉంచవలసివచ్చెను.

చివరి వాక్యము, మొదటి కారణము

తరువాతి దోషము మిక్కిలి విచిత్రమైనది. నిర్మాణము అరగంట నడచి, ఆబ్జెక్టు ఫైళ్ల పేర్ల చివరి అక్షరములు ఏవో తేల్చుకొనలేకున్నానని చెప్పి నిలిచిపోయెను. పేరు చివరి అక్షరమునకును మా నాలాకును ఏమి సంబంధము? మేము ఆ అక్షరములను గురించియే రెండు రాత్రులు వెదకితిమి. జీసీసీ మూలమును మరల తెచ్చితిమి. సంచులు తుడిచి మొదటినుండి ఆరంభించితిమి. ప్రతిసారి అదే వాక్యము. మాలో ఒకడు ఈ పని మనవంటివారిది కాదని లేచిపోవుటకు సిద్ధపడెను.

ఆ మరునాడు ఛత్తా బజారులో పాత రేడియోలను బాగుచేయు ఒక వృద్ధుని యొద్దకు, మా యింటి పెట్టెను తెచ్చుకొనుటకు పోయితిమి. మా ముఖములు చూచి సంగతి అడిగి తెలిసికొనెను. కంప్యూటరు ఆయనకు తెలియదు. ఐనను ఆయన అన్న మాట మాకు దారి చూపినది: "స్పీకరు మీద కోపమెందుకు బేటా? స్పీకరు పలుకుతలేదంటే అది చెప్తున్నదే గాని చేసింది కాదు. కరెంటు ఎక్కడ్నుంచి వస్తున్నదో అక్కడ్నుంచి చూసుకుంట రండి. ఫస్టు ఎక్కడ ఆగిందో అక్కడ ఉంటది రోగం."

రేడియో పెట్టెలో విద్యుత్తు భాగము, తరంగమును పట్టు భాగము, పెంచు భాగము, తుదకు స్పీకరు వరుసగా ఉండును. మొదటిది చెడినను మౌనము స్పీకరులోనే వినబడును. మా పని కూడ అట్టిదే. నిర్మాణమునకు ముందు యంత్రము తన సాధనములను ఒక్కొక్కటిగా పరీక్షించుకొనును. ప్రతి పరీక్షను కాన్ఫిగ్ లాగ్ అను చిట్టాలో వ్రాసికొనును. తెరమీద కనబడునది ఫలితము. చిట్టాలో ఉండునది కారణము. అంతేకాదు, ఇట్టి చిట్టా ఒక్కటి కాదు. పై సంచిలో ఒకటి, లోపల ప్రతి భాగమునకు ఒక్కొక్కటి ఉండును. మేము పై చిట్టాను చూచితిమేగాని, ఆగిపోయిన లిబ్‌జీసీసీ భాగపు చిట్టాను తెరువలేదు.

ఆ రాత్రి దానిని తెరచితిమి. క్రిందినుండి పైకి చదువుచు పోగా, ఒకచోట చిన్న వాక్యము కనబడెను: కంపైలరు ప్రారంభము కాలేదు, ఎంపీసీ లైబ్రరీ దొరకలేదు. అంతయు తేటపడెను. పేరు చివరి అక్షరము తెలిసికొనుటకు యంత్రము ఒక చిన్న ప్రోగ్రామును అనువదించి, పుట్టిన ఫైలు పేరును చూచును. అనువాదకుడే నిద్రలేవనప్పుడు ఫైలు ఎట్లు పుట్టును? ఫైలు లేనప్పుడు పేరెక్కడిది? నిద్రలేవకపోవుటకు కారణము, మేము సంతసముతో వేరొక సంచిలో నిర్మించుకొన్న లైబ్రరీ. నిర్మించునప్పుడు దాని చోటు చెప్పితిమి. నడుచునప్పుడు వెదకవలసిన చోటు చెప్పలేదు. ఆ మూడు లైబ్రరీల మూలములను జీసీసీ మూలపు సంచిలోనే ఉంచినచో అవి అందే కలిసిపోవును. అట్లు చేయగా మూడవ మెట్టు ఆ రాత్రియే పూర్తియైనది.

పాతది అనిన కొత్తది

నాలుగవ మెట్టున గ్లిబ్‌సీ 2.17, ముఖ్యమైన పనిముట్టు ఒకటి లేదనియో మిక్కిలి పాతదనియో చెప్పెను. ఆ పనిముట్టు పేరు మేక్. మా యొద్ద ఉన్నది కొత్త కూర్పు! చిట్టాను అనుసరించి చూడగా సంగతి తెలిసెను. గ్లిబ్‌సీ 2.17 వెలువడిన 2012 నాటికి మేక్ 3 అను అంకెతో నడుచుచుండెను, 4.0 వచ్చినది 2013 అక్టోబరులో. 3తో మొదలగు కొన్ని కూర్పులను మాత్రమే అంగీకరింపుమని ఆనాటివారు వ్రాసిరి. 4ను చూచి అది బెదరి, తెలియనిదంతయు పాతదే అని తీర్మానించెను. ఆ పంక్తిలో కొత్త అంకెను చేర్చిన చాలును. ఇట్లే, ఆ కాలపు జీసీసీ 4.8లోని కొన్ని సీ-ప్లస్-ప్లస్ వాక్యములను నేటి కంపైలరు ఒప్పుకొనక పోవుటచే, పాత ప్రమాణమును అనుసరింపుమని దానికి ప్రత్యేకముగా చెప్పవలసివచ్చెను. కూర్పులను జతపరచునప్పుడు ఒకే ఈడువారిని చూచుకొనుట మేలు.

కంటి యెదుట ఉండియు లేని ఫైలు

ఐదు మెట్లు పూర్తియైనవి. ప్రోగ్రామును మార్చి బోర్డుమీదికి పంపితిమి. పేరు వ్రాసి ఆజ్ఞ ఇచ్చితిమి. అట్టి ఫైలు లేదని బదులు వచ్చెను. పట్టిక చూడగా ఫైలు అక్కడనే ఉన్నది!

ఈసారి మేము తొందరపడలేదు. ఎక్కడ మొదట ఆగినదని విచారించితిమి. ప్రతి ప్రోగ్రాములోను తనను మేలుకొలుపు లోడరు పేరు వ్రాసి ఉండును. బినుటిల్స్‌లోని రీడెల్ఫ్ అను పనిముట్టుతో చూడగా, అందు వ్రాసి ఉన్న లోడరు పేరు బోర్డులో ఉన్న లోడరు పేరు కాదు. లేదనినది మా ఫైలును కాదు, దానిని మేలుకొలుపువానిని. కారణము మొదటి మెట్టునందే కలదు. పొరుగు యంత్రము పేరును వ్రాయునప్పుడు చివర హెచ్, ఎఫ్ అను రెండక్షరములు ఎక్కువగా వ్రాసితిమి. దశాంశముల లెక్కలకు ప్రాసెసరులోని ప్రత్యేక భాగమును వాడుకొను సంప్రదాయమునకు అవి గుర్తు. మా పాత బోర్డు ఆ సంప్రదాయము నెరుగదు. రెండక్షరముల కొరకు ఐదు మెట్లును మరల ఎక్కితిమి. కాని దారి తెలిసినందున, మొదట తొమ్మిది సాయంకాలములు పట్టిన పని ఈసారి ఒక్క ఆదివారమున ముగిసెను.

గుర్తుంచుకొనదగినవి

ఇట్టి పనికి పూనుకొను యువకులకు మేము చెప్పదగినవి నాలుగే. పొరుగు యంత్రపు పూర్తి పేరును, దాని కెర్నెల్, లైబ్రరీల కూర్పులను మొదట కాగితముమీద వ్రాసికొనవలెను. ఇంటి సామగ్రిని, పొరుగు సామగ్రిని వేరు వేరు చోట్ల ఉంచవలెను. మూలపు సంచిలోనే నిర్మాణము చేయక, వేరొక ఖాళీ సంచిలో చేయవలెను. ఒక మార్పు చేసినపిదప ఆ ఖాళీ సంచిని తుడిచి మరల ఆరంభింపవలెను. లేనిచో పాత తప్పు జ్ఞాపకముగా నిలిచియుండును. తెరమీది చివరి వాక్యమును నమ్మక, ఆగిన భాగపు చిట్టాను తెరచి మొదటి దోషమును వెదకవలెను.

సాధనము ఇప్పుడు నాలా గోడకు అమర్చబడి ఉన్నది. తరువాత వచ్చిన వానకాలమున ఒక అర్ధరాత్రి అది హద్దు దాటినదని వార్త పంపెను. గల్లీలోనివారు లేచి బియ్యపు బస్తాలను, పిల్లల పుస్తకములను మంచములమీదికి, మెట్లమీదికి చేర్చుకొనిరి. ఆ రాత్రి నీరు గడప వరకు వచ్చి తిరిగిపోయెను. బస్తాలను మరల దింపుకొనుచు కొందరు మమ్ము నవ్వుతూ మందలించిరి. ఆ మందలింపు మాకు సంతోషమునే కలిగించినది. ఛత్తా బజారు వృద్ధునికి ఈ సంగతి చెప్పగా, ఆయన చేతిలోని పెట్టెనుండి చూపు మరల్చకుండనే తల ఊపి, విద్యుత్తు వచ్చు చోటినుండి తన పరీక్షను సాగించుచుండెను.